గొలుసు దగ్గర గురువారాలు

దేర్ రుమ్మాన్,
1950 ఏప్రిల్ 2

నా చెల్లెలి కొడుకు ఫవ్వాజ్‌కు మామయ్య ముల్‌హిమ్ సలాములు.

ఈ జవాబు రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. పాళీ విరిగిందన్నది ఒక సాకు, సిరా గడ్డకట్టిందన్నది రెండో సాకు. కానీ మీ అత్తయ్య వస్ఫియా వదిలిపెడితేనా? "పిల్లవాడు నాలుగు కాగితాలు రాశాడు, నువ్వు ఒక్కటైనా రాయవా?" అని మూడు రోజులు నా ప్రాణం తోడేసింది. పిల్లవాడట! ముప్పై నాలుగేళ్ళవాడు, డమాస్కస్‌లో సుంకాల ఆఫీసు కుర్చీ ఉన్నవాడు, మెడకు టై ఉన్నవాడు. తల్లి పోయిన నిన్ను ఏడేళ్ళ వయసు నుంచి సాకింది కదా, ఆవిడ లెక్కలో నీకు ఇంకా ఏడేళ్ళే. సరే, రాస్తున్నాను.

నీ నాలుగు కాగితాలూ చదివాను. మొదటి దాన్లో అరబ్బు జాతి ఉంది. రెండో దాన్లో అదే జాతి మహాసముద్రం నుంచి అఖాతం దాకా పడుకుని ఉంది. మూడో దాన్లో ఆ జాతి శత్రువుల జాబితా. అత్తయ్య చేతులెలా ఉన్నాయన్న మాట నాలుగో దాన్లో అట్టడుగున, నీ సంతకం పక్కన ఇరుక్కుని ఉంది. దానికి రెండు వరుసలు పైన అసలు సంగతి: మన కళ్ళం సర్కారుకు ఇచ్చేయాలి. లెబనాన్‌తో మనకున్న సుంకాల పొత్తు పోయిన నెల తెగిపోయింది కాబట్టి కొండదారి మీద సరిహద్దు ఠాణా కట్టాలి. దానికి నేను గోధుమలు నూర్చే నేలకంటే చదునైన నేల మీ కమిటీకి ఈ కొండల్లో దొరకలేదు.

నేను బడికి పోయినవాణ్ణి కాదు. పొగాకు పొట్లాలు కట్టిన పాత పత్రికలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. పొట్లం చినిగిన చోట వార్త తెగిపోయేది. అందుకే ఏ ప్రసంగమైనా సగం చదివి, మిగతా సగం నేనే ఊహించుకోవడం అలవాటైంది. ఇప్పటిదాకా ఒక్కసారీ తప్పు పోలేదు.

తుర్కీ సుల్తానుగారి పటాలంలో సూయజ్ దాకా నడిచాను, చెప్పులు లేకుండా తిరిగి నడిచి వచ్చాను. తరవాత రెండేళ్ళు నిండని మన సొంత రాజ్యం ఒకటి వచ్చింది. దాని జెండా మా ఊరు చేరేలోపే అది పోయింది. ఆపైన ఫ్రెంచివాడు. ఆపైన మీరు. నిరుడు ఒక్క ఏడాదిలో ముగ్గురు కల్నళ్ళు ఒకరి తరవాత ఒకరు రేడియోలోకి వచ్చి మమ్మల్ని రక్షించారు. ఇన్ని రాజ్యాల్లో కాపురం చేశాను, మా వాకిలి మాత్రం కదల్లేదు.

నువ్వు చిన్నపిల్లవాడిగా ఉన్నప్పుడు ఒక ఫ్రెంచి దొర మూడుకాళ్ళ దుర్బిణీ మోయించుకుని వచ్చాడు, గుర్తుందా? మన అక్రోటు చెట్టు కింద మీ అత్తయ్య పెట్టిన పెరుగు తిని, గుర్రు పెట్టి నిద్రపోయి, లేచి కాగితం మీద ఒక గీత గీసుకుని పోయాడు. ఆ గీత ఎక్కడుందో వాడికీ తెలీదు, మాకూ తెలీదు, గాడిదలకు అసలే తెలీదు. పాతికేళ్ళు ఏలి, దాని మీద ఒక్క రాయి కూడా పాతలేదు. వాణ్ణి వెళ్ళగొట్టి నాలుగేళ్ళు. ఇప్పుడు మన అబ్బాయిలు వాడి కాగితం వెతికి, దుమ్ము దులిపి, వాడి గీత మీద గొలుసు కడతారట. వాడికే తోచని పని.

మా అమ్మాయి బహీజా సంగతి నీకు చెప్పాలా? ఇక్కణ్ణుంచి నలభై నిమిషాల నడక, ఐన్ జౌజ్‌లో కాపురం. ఆ ఊరు ఇప్పుడు వేరే దేశమని నీ ఉత్తరం చూసే తెలుసుకున్నాను. మీ అత్తయ్య చేతులు కీళ్ళవాతంతో బిగుసుకుపోయి రెండేళ్ళయింది, భుజం పైకి లేవవు. ప్రతి గురువారం బహీజా వచ్చి తల్లికి తలంటి, గోరింటాకు పెట్టి, జడ వేసి పోతుంది. మోకాళ్ళు దాటే జుట్టు. పరాయిచేతికి తల ఇవ్వదు మీ అత్తయ్య. పొరుగావిడ ఒకసారి ముందుకొస్తే "నేనింకా చావలేదు, నా తలను కడిగేవాళ్ళు వేరే ఉన్నారు" అంది. నా కళ్ళంలోంచే ఆ పిల్ల నడిచి వస్తుంది.

కాబట్టి నా జవాబు: ఇవ్వను. నీ జాతికి చెప్పు.

ఒంట్లో బాగానే ఉన్న
నీ మామయ్య ముల్‌హిమ్

*

డమాస్కస్,
1950 ఏప్రిల్ 11

పూజ్యులైన మామయ్య గారికి, అత్తయ్య గారికి,

మీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను, తరవాత బాధపడ్డాను. మీరు దీన్ని గీత అనుకుంటున్నారు. ఇది మెట్టు. ముందు మన రాజ్యం తన కాళ్ళ మీద నిలబడాలి, పరిశ్రమలు పెరగాలి, బేరూత్ వర్తకులు పరాయి సరుకును మన మీదికి తోయడం ఆగాలి. ఆ తరవాత అరబ్బులందరం ఒకటవుతాం, అప్పుడు ఆ గొలుసును నేనే వచ్చి స్వయంగా తీస్తాను. ఐక్యత కోసమే ఈ వేర్పాటు అని మా డైరెక్టరు గారు నిన్న సమావేశంలో అన్నారు. అందరం లేచి చప్పట్లు కొట్టాం.

ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయిన రోజు మీరు నన్ను భుజం తట్టి ఏమన్నారో మరిచారా? "ఇక మన ఇంటికి మనమే తాళం వేసుకుంటాం" అన్నారు. మామయ్యా, ఇదే ఆ తాళం.

బహీజా వదిన విషయంలో మీరు కలత పడవద్దు. రాకపోకలకు అనుమతి పత్రాలు వస్తున్నాయి. మొదటిది వదిన పేరునే ఉండేటట్టు చూసే పూచీ నాది.

ఈ నెల 24న మా డైరెక్టరు రుష్దీ బే గారు ఇద్దరు ఇంజనీర్లతో మీ దగ్గరికి వస్తారు. నాకు సెలవు దొరకలేదు. ఆయన గొప్ప కుటుంబంలోంచి వచ్చినవారు, పారిస్‌లో చదివారు. దయచేసి వెటకారాలు తగ్గించి, మంచి కాఫీ ఇవ్వండి. నా ఉద్యోగం ఆయన చేతిలో ఉంది.

ఎప్పటికీ మీ ఇంటివాడైన
ఫవ్వాజ్

*

దేర్ రుమ్మాన్,
1950 ఏప్రిల్ 28

ఫవ్వాజ్‌కు,

మీ రుష్దీ బేకు మంచి కాఫీయే ఇచ్చాను. మామయ్య నీ మాట పెడచెవిన పెట్టాడనుకోకు.

కారు ఊరి బయట ఆగిపోయింది. ఎద్దులు లాగితే లోపలికి వచ్చింది. ముగ్గురూ దిగారు. ఎర్ర టోపీ, చేతికర్ర, కర్రకు వెండి పిడి. వెనక పటాలు మోస్తూ ఇంజనీర్లు. ఊరి పెద్ద అబూ నిమ్ర్‌ను, ఇంకో పదిమందిని పిలిచి కూర్చోబెట్టాను. సాక్షులు ఉండాలి కదా.

నీకు చెప్పనక్కర్లేదు, కానీ డమాస్కస్ నీళ్ళు తాగి మరిచిపోయి ఉంటావని చెబుతున్నాను. మన కొండల్లో ఏదైనా అడగడానికి వచ్చినవాడు కాఫీ ముట్టడు. కప్పు తీసుకుని కింద పెడతాడు. ఇంటివాణ్ణి బిడ్డ పేరుతో పిలిచి, "అబూ బహీజా, మాకొక కోరిక ఉంది" అంటాడు. ఇంటివాడు "తాగండి, ఇచ్చాను" అంటే తాగుతాడు. ఇవ్వకపోతే కప్పు అలాగే చల్లారుతుంది. తాగకుండా వెళ్ళిపోయిన అతిథి ఇంటివాడికి ఎంత అవమానమో నీకు తెలుసు. అందుకే నేను రాత్రంతా భయపడ్డాను. ఊరందరి ముందు కప్పు కింద పెట్టాడంటే కాదనడం ఎలా? మీ అమ్మ పెళ్ళి కూడా అలాగే కుదిరింది. మీ నాన్నవాళ్ళు వచ్చి కప్పులు కింద పెట్టారు; మా నాన్న గంటసేపు పైకప్పు దూలాలు లెక్కపెట్టాడు, చివరికి ఇచ్చాడు. పదకొండు దూలాలు. మళ్ళీ దారి తప్పాను.

కాఫీ పోయించాను. రుష్దీ బే కప్పు అందుకున్నాడు. అందరం ఆ కప్పు వైపే చూశాం. ఆయన గటగటా తాగేసి, "అబ్బా! బేరూత్‌లో కూడా ఇలాంటిది తాగలేదు" అన్నాడు. ఇంజనీర్లు కూడా తాగారు. చిన్నవాడు రెండోసారి కూడా పోయించుకున్నాడు.

అబూ నిమ్ర్ నా పక్కటెముకలో పొడిచి, చెవిలో, "అడగడానికి ఏమీ లేదన్నమాట, ఊరికే చూడ్డానికి వచ్చారు పాపం" అన్నాడు. వాడికి నవ్వు ఆగక దగ్గు తెచ్చుకున్నాడు.

అప్పుడు మొదలెట్టాడు మీ రుష్దీ బే. జాతి, పరిశ్రమ, కళ్ళం. అరగంట. నేను పెదవి విప్పలేదు. కప్పు ఖాళీ చేశాక అడిగినదానికి జవాబు చెప్పడం మా నాన్న నాకు నేర్పలేదు. ఆయన మధ్యలో ఆగి, "మీ అభిప్రాయం?" అన్నాడు. నేను ద్రాక్షపందిరి వైపు చూశాను. "మంచిది" అన్నాడు, ఏదో రాసుకున్నాడు, వెళ్ళిపోయాడు. ఎద్దులతోనే.

ఊరంతా మూడు రోజులుగా ఇదే చెప్పుకుని నవ్వుతోంది. ఐన్ జౌజ్ దాకా పోయింది కథ, బహీజా నిన్న వచ్చి, "నాన్నా, పారిస్‌లో కాఫీ తాగడం నేర్పరా?" అంది. తల్లి తల కడుగుతూ ఇద్దరూ పగలబడి నవ్వారు. నీ ఉద్యోగానికి ఏం కాదులే; ఆయనకు తాను ఓడిపోయిన సంగతి కూడా తెలీదు.

ద్రాక్ష చిగురు వేసింది. అత్తయ్య నీకు ఎండబెట్టిన అత్తిపండ్లు పంపుతోంది.

గెలిచిన
ముల్‌హిమ్

*

డమాస్కస్,
1950 మే 19

మామయ్య గారికి,

అత్తిపండ్లు అందాయి. మీ దయకు ఏమని రాయను? రుష్దీ బే గారు వచ్చీ రాగానే నన్ను గదికి పిలిచి చేయి కలిపారు. "మీ మామయ్యంతటి పెద్దమనిషిని నేను చూడలేదు" అన్నారు. మీరు పైకి ఇవ్వను అని రాసినా, లోపల మన మనిషే అని నాకు మొదటినుంచీ తెలుసు. మీ పోయిన ఉత్తరంలో వేళాకోళమంతా ఊరివాళ్ళ ముందు పరువు కోసమేనని అర్థం చేసుకున్నాను.

నివేదికలో ఇలా ఉంది, నేనే ప్రతి రాశాను: "స్థల యజమాని మా కమిటీని ఊరి పెద్దల సమక్షంలో ఆదరించి, కాఫీ ఇచ్చి, ప్రతిపాదన ఆసాంతం విని, ఏ అభ్యంతరమూ తెలుపలేదు." దీని మీద ఉత్తర్వు నిన్న సంతకమైంది. ఠాణా గుమ్మం పక్కన రాతిపలక మీద మీ పేరు చెక్కించాలని నేను అడిగాను, ఒప్పుకున్నారు. "ఈ స్థలం జాతికి ముల్‌హిమ్ కానుక." అత్తయ్యకు చదివి వినిపించండి.

అనుమతి పత్రాల నమూనా ఇంకా అచ్చులో ఉంది. కొద్ది వారాలు.

గర్వంతో
ఫవ్వాజ్

*

దేర్ రుమ్మాన్,
1950 జూలై 9

ఫవ్వాజ్,

నా మౌనాన్ని రాసుకున్నారు. మంచిది. అరవై ఆరేళ్ళకు తెలిసింది, సర్కారు ముందు మర్యాదగా నోరు మూసుకుంటే భూమి పోతుందని. సుల్తానుగారి మనుషులకు కనీసం కొట్టి తీసుకోవడం తెలుసు. మీరు చదువుకున్నవాళ్ళు, మా మర్యాదతోనే మమ్మల్ని కట్టేశారు.

ఠాణా లేచింది. రెండు గదులు, ఒక జెండా, దారికి అడ్డంగా నడుము ఎత్తున ఇనుప గొలుసు. గోధుమలు ఈ ఏడు ఇంటి కప్పు మీద నూర్చాను. సగం పావురాలు తిన్నాయి. నీ రాతిపలకకు గాడిద దాణాసంచి తగిలిస్తున్నాను, మేకు బాగా గట్టిగా ఉంది.

బహీజా మొదటి గురువారం వచ్చింది. కాపలావాళ్ళు వెనక్కి పంపారు. "కాగితం ఏది?" అన్నారట. "నేను పుట్టిన గది ఆ కనిపించేదే, కాగితం దాన్నడగండి" అందట. కొండ మీద మేకదారులు ఉన్నాయి. మగవాళ్ళు వెళ్తున్నారు, తుపాకులు పేలుతున్నాయి. చంకలో పిల్లతో వస్తానంది. నేనే వద్దన్నాను. నా కూతురు తండ్రి ఇంటికి దొంగలా రాదు.

మీ అత్తయ్య మూడు వారాలు తలగుడ్డ విప్పలేదు.  

నీ పత్రాలు నువ్వే ఉంచుకో. గురువారాల సంగతి నేను వేరే చూసుకున్నాను. ఎలాగని అడగకు.

ముల్‌హిమ్

*

డమాస్కస్,
1950 అక్టోబరు 22

మామయ్య గారికి, అత్తయ్య గారికి,

అడగకు అన్నారు, అడగలేదు. మూడు నెలలు మీ దగ్గరనుంచి ఉత్తరం లేదు. కోపం మీద ఉన్నారని అనుకోను. "సంగతి చూసుకున్నాను" అన్నారు కాబట్టి వదిన పెద్దదారి మీదుగా వచ్చి వెళ్తోందని అనుకుంటున్నాను. మనసు తేలికపడింది.

నా సంతోషం కూడా పంచుకోవాలి. నాకు పై ఉద్యోగం వచ్చింది. ఎలాగో వినండి. మన కొండల వైపునుంచి డమాస్కస్ బజారులోకి దొంగపొగాకు, పట్టు వస్తున్నాయి. ఎవరికీ దారి దొరకలేదు. నేను నెలలు కూర్చుని పట్టివేతల చిట్టాలు తిరగేశాను. ఒక చిత్రం గమనించాను: శుక్రవారం ఉదయం బజారులో సరుకు వరదలా ఉంటుంది, మిగతా రోజుల్లో చుక్క ఉండదు. అంటే గురువారం ఎక్కడో గండి పడుతోంది! ఏ ఠాణాయో నాకు తెలియదు. ఆ వరసలో ఎనిమిది ఉన్నాయి. నా నివేదిక మీద మారువేషంలో తనిఖీదారుణ్ణి పంపారు. గండి దొరికింది. ఆ సార్జెంటును యూఫ్రటీసు అవతలికి విసిరేశారు, చొక్కా మీది హోదా చారలు కూడా పీకారు. రుష్దీ బే గారు "జాతికి నీలాంటి కళ్ళు కావాలి" అన్నారు.

ఇదే కవరులో బహీజా వదినకు అనుమతి పత్రం. నేనే స్వయంగా నింపాను. నెలకు ఒకసారి, పెద్దరోడ్డు మీది ద్వారం గుండా. "జాతీయత: విదేశీయురాలు" అన్న చోటా "రాక ఉద్దేశం: విహారయాత్ర" అన్న చోటా మనసుకు పెట్టుకోవద్దని చెప్పండి, నమూనాలో ఇంకో మాటకు చోటు లేదు.

ఈ పండుగకు తప్పక వస్తాను.

మీ
ఫవ్వాజ్

*

దేర్ రుమ్మాన్,
1950 నవంబరు 18

ఫవ్వాజ్‌కు,

జాతి కళ్ళకు సలాం.

అడగకు అన్నాను, ఇప్పుడు నువ్వడక్కపోయినా చెబుతాను, అత్తయ్య వద్దంటున్నా సరే. "వాడికి తెలిస్తే కుమిలిపోతాడు" అంటోంది. కుమలనీ.

నువ్వు యూఫ్రటీసు అవతలికి విసిరేసిన సార్జెంటు పేరు ముత్లఖ్. ఎడారి మనిషి, గుడారంలో పుట్టినవాడు. సంతకం చెయ్యడం రాదు, వేలిముద్ర. జూన్ చివర నేను ఠాణాకు పోయాను, నా కళ్ళంలో నేనే అతిథిగా. కాఫీ పోశాడు. కప్పు తీసుకుని కింద పెట్టాను. మీ పారిస్ ఆయనకు అందని సంగతి వాడికి ఒక్క క్షణంలో అందింది. 

"అబూ బహీజా, గొలుసు దాటించమని మాత్రం అడగొద్దు. ఖురాన్ మీద చెయ్యి వేసి వచ్చాను."

"గొలుసు నీదే, ఉంచుకో."

"మరేమిటి?"

"గురువారం పొద్దున ఒక గంట, నువ్వూ నీ ఇద్దరు జవాన్లూ ఇటు వీపు పెట్టి డమాస్కస్ వైపు తిరిగి నిలబడాలి."

"ఎందుకు?"

"మా ఆవిడ తలగుడ్డ తీస్తుంది."

మీసం నమిలాడు. లేచి బయటికి వెళ్ళి గొలుసు చూసి వచ్చాడు. "కూతురు అటు ఉంటుందా?"

"అటే. కాలు ఇటు పెట్టదు."

"తాగండి," అన్నాడు.

అలా మొదలైంది. ఇటు పీట మీద మీ అత్తయ్య. అటు నిలబడి బహీజా. మధ్యలో మీ గొలుసు, దానికి తువ్వాలు ఆరేసుకునేవాళ్ళం. చెంబుతో నీళ్ళు అందించేది నేను. పది అడుగుల అవతల రాజ్యానికి చెందిన ముగ్గురు వీరులు సరిహద్దుకు వీపు పెట్టి బొమ్మల్లా నిలబడి ఉండేవారు. ఆడవాళ్ళ మాటలు చెవిన పడకూడదని ముత్లఖ్ ఒంటెలు తోలేటప్పటి పాటలు గొంతు చించుకుని పాడేవాడు. దేవుడు వాడికి అన్నీ ఇచ్చాడు, గొంతు ఇవ్వలేదు. బహీజా, మీ అత్తయ్య దానికి కూడా నవ్వేవారు.

ఆ గంటలో నా వెనక ఏం నడిచిందో నాకు తెలీదు. గాడిద డెక్కల చప్పుడు విన్నానని చెబితే అబద్ధం. డెక్కలకు గోనెగుడ్డలు కట్టేవారు. ఆగస్టు వచ్చేసరికి మీ అత్తయ్య తలకు ఊళ్ళో ఉన్న గౌరవం ఏ నాయకుడికీ లేదు. వీధిలో కనిపిస్తే మగవాళ్ళు లేచి నిలబడేవారు. అబూ నిమ్ర్ ఒకరోజు వచ్చి ఎంతో మర్యాదగా, "ఎండలు ముదిరాయి కదా వదినా, సోమవారం కూడా ఒకసారి తలంటుకుంటే చలవ చేస్తుందేమో" అన్నాడు. చీపురు తీసింది.

ముత్లఖ్‌కు తెలుసా? తెలిసే ఉంటుంది. ఒకసారి అడిగాను. "నాకు వెనక కళ్ళు లేవు," అన్నాడు. "మాట ఇచ్చాను, తిరగను. తిరిగితే మీ ఆవిడ తల చూసినవాణ్ణవుతాను. పొగాకు పోతే సర్కారుకు పోతుంది. మాట పోతే నాకు పోతుంది." ఫవ్వాజ్, నేను ఎన్నో రాజ్యాలు చూశానని మొదటి ఉత్తరంలో గొప్పలు పోయాను. ఇచ్చిన మాట మీద నిలబడిన సర్కారు మనిషిని చూసింది మాత్రం ఈ ఒక్కణ్ణే. వాణ్ణి నువ్వు చిట్టాల్లో పట్టుకున్నావు.

పోయేముందు ఇంటికి వచ్చాడు, చారలు పీకిన చోట చొక్కా దారాలు వేలాడుతూ. కాఫీ ఇస్తే వెంటనే తాగాడు. అడగడానికి ఏమీ లేదని. లారీ ఎక్కి పోయాడు.

కొత్తాయన లెఫ్టినెంటు. ఇరవై మూడేళ్ళు, కళ్ళద్దాలు. అచ్చం నీ ఉత్తరంలా మాట్లాడతాడు. నేను వెళ్ళాను, కాఫీ పోయించాడు, కప్పు కింద పెట్టాను. నా వైపు, కప్పు వైపు చూశాడు. "చేదుగా ఉందా పెద్దాయనా?" అని చక్కెర తెప్పించాడు. రెండు చెంచాలు వేసి తనే కలిపాడు. మంచి పిల్లవాడు. విషయం నోటితో చెప్పాను. "సైనికుడు సరిహద్దుకు వీపు పెట్టడమా!" అన్నాడు. "అయినా ఇందులో సిగ్గేముంది, ఆమె నాకు తల్లిలాంటిది, నేను చూస్తే తప్పేమిటి?" అన్నాడు. వాడికి తప్పు కనపడదు. అదే నా బాధ.

నీ పత్రం బహీజాకు పంపించాను. పెద్దరోడ్డు ద్వారానికి వాళ్ళ ఊరినుంచి ఒక రోజు ప్రయాణం, అక్కణ్ణుంచి మనూరికి ఇంకో రోజు. విహారయాత్రకు వచ్చే విదేశీయురాలికి చంటిపిల్ల ఉంది, మేకలున్నాయి, మొగుడున్నాడు. వెనకవైపు ఖాళీగా ఉంది కదా అని దాని మీద నాకు జవాబు రాసి మేకదారిన పంపింది. నువ్వు బాగున్నావా అని అడిగింది.

మొన్న గురువారం మళ్ళీ వెళ్ళాం. మీ అత్తయ్యే వెళ్దామంది. పీట వేశాను. బహీజా అటునుంచి వేడినీళ్ళు తెచ్చింది. లెఫ్టినెంటు పది అడుగుల దూరంలో, చేతులు కట్టుకుని, ఎంతో గౌరవంగా, మా వైపే చూస్తూ నిలబడ్డాడు. మీ అత్తయ్య గడ్డం కింద తలగుడ్డ ముడి మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. నీళ్ళు చల్లారేదాకా కూర్చుంది. వాడికి ఎందుకో అర్థం కాలేదు, "కానివ్వండి అమ్మా" అని ధైర్యం కూడా చెప్పాడు. చివరికి బహీజా గొలుసు పైనుంచి వంగి, తల్లి రెండు చేతులూ ఆ నీళ్ళలో ముంచి కడిగి, తుడిచి, అటు తిరిగి వెళ్ళిపోయింది.

పండుగకు వస్తానన్నావు. రా. కాఫీ ఇస్తాను. నిన్ను ఏమీ అడగను.

ఇంటికి వచ్చాక తలుపు గడియ వేసి, నీళ్ళు కాచి, మీ అత్తయ్య తల నేనే కడిగాను. నలభై నాలుగేళ్ళలో ఇది మొదటిసారి. నీళ్ళు మరీ వేడిగా ఉన్నాయంది. జడ వేయడం నాకు చేతకాలేదు. గుడ్డతో చుట్టి వదిలేశాను.

ముల్‌హిమ్